హలూమి: ఏ రకం కొనాలి, ఎలా వండాలి, దొరక్కపోతే ఏం వాడాలి

పెనం మీద కాల్చుకుని వేడివేడిగా తినడానికే అయితే హలూమి అనే ఈ వేడికి కరగని చీజ్ ఎంపిక గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. షాపులో కూలర్ అరలో కనిపించిన మామూలు ప్యాకెట్ తెచ్చుకుంటే చాలు. వేడి తగిలి పైన ఎర్రగా కాలాక ఖరీదైనదానికీ చవకదానికీ ఉన్న తేడా చాలావరకు తగ్గిపోతుంది. పచ్చిగా తినాలన్నా, తురిమి చల్లుకోవాలన్నా మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు ఏ పాలతో చేశారు, ఎన్నాళ్లు ఉప్పునీళ్లలో ఊరింది అన్నవి మొదటి ముక్కలోనే నాలుకకు తెలుస్తాయి. చాలామంది ముందు బ్రాండు అడుగుతారు. దాంతో ఏం చేయబోతున్నారో ముందు తేల్చుకుంటే బ్రాండు ప్రశ్న దానంతట అదే చిన్నదైపోతుంది.

కరగకపోవడం వెనకున్న సంగతి

హలూమి సైప్రస్ ద్వీపం చీజ్. దాన్ని తయారుచేసే తీరు కొంచెం తెలిస్తే ఎంపికా వంటా రెండూ తేలికవుతాయి.

పాలను 32 నుంచి 34 డిగ్రీల దాకా గోరువెచ్చగా చేసి, పాలను గడ్డకట్టించే రెన్నెట్ వేస్తారు. పాలు గడ్డకట్టాక ఆ గడ్డను కోసి, నొక్కి, నీళ్లు దింపేస్తారు. దిగిన నీళ్లు పారబోయరు. వాటిని మళ్లీ కాస్తే మెత్తటి తెల్లటి చీజ్ ఒకటి పైకి తేలుతుంది. దాని పేరు అనారి. దాన్ని తీసేశాక, నొక్కి ఉంచిన దిమ్మలను అవే నీళ్లలో, 90 డిగ్రీలు దాటిన వేడిలో కనీసం అరగంట ఉడికిస్తారు. హలూమిని మిగతా చీజ్‌ల నుంచి విడదీసేది ఈ ఉడికించడమే. బయటికి తీశాక ఉప్పూ పుదీనా చల్లి, మెత్తగా ఉండగానే సగానికి మడతపెడతారు. ప్యాకెట్ విప్పితే మధ్యలో కనిపించే గీత ఆ మడతే. అక్కడక్కడా కనిపించే ఆకుపచ్చ చుక్కలు పుదీనా. బూజేమో అని భయపడేవాళ్లు చాలామందే ఉన్నారు.

మామూలు చీజ్‌లు తయారయ్యేటప్పుడు పాలు కాస్త పులుస్తాయి. ఆ పులుపుకి ప్రోటీన్లను పట్టి ఉంచే కాల్షియం కొంత వదిలిపోతుంది. అందుకే వేడి తగలగానే అవి జారి సాగుతాయి. మొజరెల్లా అలాంటిదే. సంప్రదాయ పద్ధతిలో హలూమిని పులియబెట్టరు. కాల్షియం ఎక్కడిదక్కడే ఉంటుంది, పైగా ముందే ఒకసారి బాగా ఉడికింది. మళ్లీ పెనం మీద వేస్తే మెత్తబడుతుంది, పైన కాలుతుంది, అంతేగాని కారిపోదు. పంటి కింద కీచుమనడానికీ ఈ గట్టి ప్రోటీన్ అల్లికే కారణం. ఆ శబ్దం కొంతమందికి సరదా, కొంతమందికి ఒళ్లు జలదరింపు. మీరు రెండో రకమైతే చల్లారనివ్వకుండా తినండి, వేడి మీద ఆ కీచు బాగా తగ్గుతుంది.

ఏ పాలది తీసుకోవాలి

అసలైన ఎంపిక ఇక్కడే. కాబట్టి కాస్త ఎక్కువసేపు దీని దగ్గర ఆగుదాం.

సైప్రస్ పల్లెల్లో హలూమిని ముందునుంచీ గొర్రె పాలతో, మేక పాలతో, లేదా రెండూ కలిపి చేసేవారు. ఆవు పాలు తర్వాత వచ్చాయి. ఫ్యాక్టరీలు పెద్దవై ఎగుమతులు పెరిగేకొద్దీ వాటి వాటా కూడా పెరిగింది. గొర్రెలూ మేకలూ ఏడాది పొడవునా ఒకే తీరుగా పాలివ్వవు, ఆవులు ఇస్తాయి. ఈ పాల వాటా మీదే సైప్రస్‌లో ఏళ్ల తరబడి గొడవ నడిచింది. చివరికి 2021 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ హలూమికి మూలస్థానం పేరిట రక్షణ ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఈ పేరుతో అమ్మాలంటే అది సైప్రస్‌లోనే, ఆ నియమాల ప్రకారమే తయారవ్వాలి. ఆవు పాలు కలపొచ్చు, కానీ గొర్రె, మేక పాల వాటా వాటికంటే ఎక్కువ ఉండాలి. పాలు సరిపోవని తయారీదారులకు కొన్నేళ్ల వెసులుబాటు ఇచ్చారు. అందుకని ఆవు పాలే ఎక్కువగా ఉన్న ప్యాకెట్లు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ముందువైపు గొర్రె బొమ్మో మేక బొమ్మో వేసినంత మాత్రాన నమ్మకండి. వెనక్కి తిప్పి పదార్థాల పట్టిక చూడండి. ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు.

రుచి సంగతికొస్తే, ఆవు పాలు ఎక్కువున్న హలూమి సౌమ్యంగా ఉంటుంది. రంగు లేత పసుపు. కీచుమనడం, రబ్బరులా సాగడం కూడా ఇందులోనే ఎక్కువ. గొర్రె పాలలో కొవ్వూ ప్రోటీనూ ఎక్కువ కాబట్టి ఆ చీజ్ చిక్కగా, నోట్లో నిండుగా ఉంటుంది. చివర్లో చిరుతీపి కూడా తగులుతుంది. మేక పాలది బాగా తెల్లగా ఉంటుంది. కాస్త ఘాటు, కోస్తే అంచులు కొంచెం విరుగుతాయి. మేక పాల వాసన పడనివాళ్లకి అది వెంటనే తెలిసిపోతుంది.

నా లెక్కలో కాల్చడానికి ఆవు పాలు కలిసినదే సరిపోతుంది. ముక్క విరగదు, చక్కగా ఎర్రబడుతుంది, డబ్బూ తక్కువ. బర్గర్‌లోకీ, కూరగాయలతో కలిపి పుల్లలకు గుచ్చడానికీ, వేపుడుకీ అదే తీసుకుంటాను. గొర్రె, మేక పాలదానికి ఎక్కువ ఖర్చు పెట్టి దాన్ని నల్లగా మాడ్చి పైన కారం సాస్ పోస్తే, పెట్టిన డబ్బుకి అర్థం ఉండదు. పుచ్చకాయ ముక్కలతో కలిపి పచ్చిగా తినాలనుకుంటే మాత్రం గొర్రె, మేక పాలదే తీసుకోండి. సైప్రస్‌లో వేసవి వస్తే ఇళ్లలో తినేది ఇదే: చల్లటి పుచ్చకాయ, పక్కన హలూమి, అంతే. తీపికి ఉప్పు తోడవుతుంది. ఆవు పాలదాంతో అదే చేస్తే ఉప్పగా ఉన్న రబ్బరు నమిలినట్టుంటుంది.

పిల్లలకి మొదటిసారి పెడుతుంటే సౌమ్యమైన ఆవు పాలదే మేలు, కాకపోతే ఉప్పు సంగతి చూసుకోవాలి. దాని గురించి కింద చెప్తాను.

తాజాదా, ఊరినదా

ప్రపంచంలో ఎక్కువచోట్ల సూపర్ మార్కెట్లలో దొరికేది తాజా హలూమే. నియమాల ప్రకారం తాజాదానిలో తేమ 46 శాతం, ఉప్పు 3 శాతం మించకూడదు. ఊరినదాన్ని ఉప్పు కలిపిన విరుగుడు నీళ్లలో కనీసం 40 రోజులు ఉంచుతారు. దానిలో తేమ 37 శాతానికి మించకూడదు, ఉప్పు మాత్రం 6 శాతం దాకా ఉండొచ్చు. ఈ రెండు వరుసల అంకెలు చూస్తేనే వాడకం అర్థమైపోతుంది. ఊరినది గట్టిది, ఘాటైనది, బాగా ఉప్పనిది. దాన్ని ముక్కలు కోసి కాల్చడం కంటే సన్నగా తురిమి వేడి పాస్తా మీద చల్లడం మంచిది. సైప్రస్ వంటలో మకరోనీ మీదా, హలూమి కూరిన రవియోలి మీదా వేసేది ఇలాంటి తురుమే.

ఊరినది దొరకడం కష్టం. సైప్రస్ సరుకులు తెచ్చే గ్రీకు దుకాణాల్లో వెతికి చూడండి. దొరక్కపోతే ఎండబెట్టిన అనారి ఉందేమో అడగండి. తురుముకోవడానికి అదీ బాగుంటుంది. రెండూ లేకపోతే తాజా హలూమినే తడి తుడిచి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి తురమండి. ఊరినదాని ఘాటు రాదు కానీ తురుము ముద్ద కట్టకుండా వస్తుంది.

ప్యాకెట్ మీద ఏం చూడాలి

హలూమిని ఎక్కువగా ఫెటా అనే గ్రీకు చీజ్ పక్కనే పెడతారు. లేకపోతే గ్రిల్లింగ్ చీజ్‌ల దగ్గర చూడండి. అక్కడా కనిపించకపోతే గ్రీకు, మధ్యప్రాచ్య సరుకుల దుకాణాలు చాలా నగరాల్లో ఉంటాయి. ప్యాకెట్లు సాధారణంగా 200 నుంచి 250 గ్రాముల మధ్య ఉంటాయి. హెల్లిమ్ అని రాసి ఉంటే వేరే చీజ్ అనుకోకండి. సైప్రస్‌లోని టర్కిష్ వాళ్లు వాడే పేరది, రక్షణ రెండు పేర్లకీ ఉంది.

యూరప్‌లో ‘గ్రిల్ చీజ్’ అనే పేరుతో ఉన్నవి చాలావరకు సైప్రస్ బయట చేసినవి. అవి పనికిరానివేం కావు. ఎక్కువగా ఆవు పాలవి, చవక, కాల్చడానికి బాగానే ఉంటాయి. ఇవే హలూమి అనుకుని పచ్చిగా తింటే మాత్రం నిరాశే. యూరప్ బయట పేరు వాడకం మీద నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. కాబట్టి అక్కడ పేరు కంటే ఎక్కడ తయారైందన్న ముక్కే చూడండి.

శాకాహారులు రెన్నెట్ దగ్గర ఆగాలి. పాలను గడ్డకట్టించే ఈ పదార్థాన్ని పాత పద్ధతిలో పాలు తాగే మేక, గొర్రె, ఆవు పిల్లల పొట్ట నుంచి తీస్తారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తయారైన రెన్నెట్‌తో చేసిన హలూమి చాలానే వస్తోంది. అలాంటి ప్యాకెట్ మీద శాకాహారమని విడిగా రాస్తారు. ఊరికే ‘రెన్నెట్’ అని మాత్రమే ఉంటే అది జంతువుదే అనుకుని పక్కన పెట్టడం మంచిది. ఈ విషయంలో షాపులో అబ్బాయిని అడిగి లాభం ఉండదు, అతనూ ఆ ప్యాకెట్టే తిప్పి చూస్తాడు.

కొవ్వు తగ్గించినది కొనాలా? నా సలహా వద్దనే. మామూలు హలూమిలో 100 గ్రాములకు సుమారు 25 గ్రాముల కొవ్వు, 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటాయి. కొవ్వు తీసేసినదాంట్లో మెత్తదనం ఉండదు, కాల్చాక ఇంకా బిరుసెక్కుతుంది. తక్కువ తినాలనుకుంటే మామూలుదే ఒక ముక్క తగ్గించి తినండి. మిరపకాయ, తులసి కలిపిన రకాల మీదా నాకంత మోజు లేదు. ఆ రుచులు మనమే పైన వేసుకోవచ్చు, పైగా కలిపిన మిరప పెనం మీద చీజ్ కంటే ముందు మాడుతుంది.

ఉప్పు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు చాలంటుంది. తాజా హలూమి 100 గ్రాముల్లో రెండున్నర, మూడు గ్రాముల దాకా ఉంటుంది. అంటే చిన్న ప్యాకెట్‌లో సగం తింటే ఆ రోజు కోటాలో సగం అయిపోయినట్టే. రక్తపోటు ఉన్నవాళ్లూ, చిన్నపిల్లలకి పెట్టేవాళ్లూ ముక్కలు కోసి మామూలు చల్లటి నీళ్లలో ఒక గంట నానబెట్టి, నీళ్లు పారబోసి వండండి. ఉప్పంతా పోదు కానీ పదును తగ్గుతుంది. దీనితో పాటు వండే కూరగాయల్లోగానీ, సలాడ్‌లోగానీ ఉప్పు అసలు వేయకండి. ముందు రుచి చూసి, కావాలంటే చివర్లో చూసుకోవచ్చు.

పెనమా, గ్రిల్లా, ఓవెనా

నా ఓటు పెనానికే. హలూమి చెడిపోయేది ఎక్కువగా తడి వల్ల. ప్యాకెట్‌లోంచి తీసిన దిమ్మని నాప్కిన్‌తో నాలుగు వైపులా బాగా ఒత్తి తుడవాలి. తర్వాత ఒక సెంటీమీటరు మందాన ముక్కలు కోయాలి. ఇంకా పలచగా కోస్తే లోపల మెత్తదనం మిగలదు, మరీ మందంగా కోస్తే మధ్యలో చల్లగా ఉండిపోతుంది. కోసేటప్పుడు మడత గీత దగ్గర ముక్క రెండుగా విడిపోవచ్చు. టెన్షన్ పడకండి, విడిపోయిన ముక్కా అంతే బాగా కాలుతుంది. పుల్లకు గుచ్చేటప్పుడు మాత్రం ఆ గీత మీద గుచ్చకండి, నిప్పులో పడుతుంది.

పెనం మధ్యస్థంగా వేడెక్కాక ముక్కలు ఎడంగా పేర్చండి. నాన్‌స్టిక్ అయితే నూనె అక్కర్లేదు. ఇనప పెనమైతే ముక్కలకే పలచగా నూనె రాయండి. కాసేపటికి చీజ్‌లోంచి తెల్లటి నీళ్లు దిగుతాయి. సరిగ్గా ఈ దశలోనే చాలామంది ఏదో తప్పు జరిగిందనుకుని ముక్కలను అటూఇటూ కదిపేస్తారు. వదిలేయండి. ఆ నీళ్లు ఇగిరిపోయాకే ఎరుపు మొదలవుతుంది. ముక్క దానంతట అదే పెనాన్ని వదులుతుంది, అప్పుడు తిప్పాలి. ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు పడుతుంది. పెనం నిండా ఇరికించి పేరిస్తే నీళ్లు ఇగరవు, ముక్కలు ఉడుకుతాయే గానీ కాలవు. మంట మరీ పెంచితే పైన నల్లబడి లోపల చల్లగా మిగులుతుంది.

బొగ్గుల గ్రిల్ మీద పొగ వాసన అదనం. కానీ చీజ్ మరీ తాజాదై, మెత్తగా ఉంటే ఊచలకు అతుక్కుంటుంది. ఊచలకు నూనె రాసి, బాగా వేడెక్కనిచ్చి వేయాలి. నలుగురైదుగురికి ఒకేసారి పెట్టాలంటే గ్రిల్, ఒకరిద్దరికైతే పెనం.

ఎక్కువ మందికి, కూరగాయలతో కలిపి చేయాలంటే ఓవెన్ సులువు. ముందు కూరగాయలు 200 డిగ్రీల్లో సగం కాలనిచ్చి, తర్వాత హలూమి ముక్కలు పైన పెట్టి ఇంకో పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. మొదటినుంచీ పెడితే కూరగాయ అయ్యేసరికి చీజ్ ఎండిపోతుంది. ఎయిర్ ఫ్రయర్‌లోనూ అదే వేడి, ఎనిమిది, పది నిమిషాలు చాలు. అంచులు కరకరలాడతాయి కానీ పెనం మీద వచ్చినంత ఎరుపు రాదు. వేలంత పొడుగు ముక్కలు కోసి, పిండిలో పొర్లించి నూనెలో వేయిస్తే కరకరలాడే పొర వస్తుంది. నోరూరించే మాట నిజమే గానీ ఉన్న కొవ్వుకి ఇంకా కొవ్వు. పార్టీల రోజున సరే.

తడి వంటల్లోనూ వేయొచ్చని చాలామందికి తోచదు. సైప్రస్‌లో చలికాలం చేసే త్రహానాస్ సూపు, అంటే పులిసిన పాలూ దంచిన గోధుమలూ కలిపి ఎండబెట్టి చేసే సూపులో, చివర్లో హలూమి ముక్కలు వేస్తారు. అవి కరగకుండా మెత్తగా ఉబ్బుతాయి, ఉప్పు కొంత సూపులోకి దిగుతుంది. టమాటా గ్రేవీల్లోనూ ఇదే పద్ధతి. ముందు ముక్కలు పెనం మీద ఎర్రగా చేసుకుని, గ్రేవీ దించే ముందు వేయాలి.

ముందుగా మసాలా పట్టించి నానబెట్టడం వల్ల పెద్దగా ఉపయోగం లేదు. దీని అల్లిక బిగువు కాబట్టి మసాలా లోపలికి పోదు, పైన మిగిలింది పెనం మీద మాడుతుంది. కాల్చాక పైన వేయండి. నిమ్మరసం, ఒరెగానో, పుదీనా, మిరియాల పొడి ఎప్పుడూ పనికొస్తాయి. తేనె, వేయించిన నువ్వులు వేస్తే ఇంకో రుచి. దానిమ్మ గింజలు, కాల్చిన వంకాయ, పుల్లటి టమాటా కూడా బాగా కలుస్తాయి. చీజ్ ఉప్పగా, కొవ్వుగా ఉంటుంది కాబట్టి పక్కన ఏదో ఒక పులుపో తీపో ఉండాల్సిందే. మళ్లీ ఉప్పటి ఆలివ్‌లూ, కేపర్లనే ఊరబెట్టిన మొగ్గలూ అన్నీ కలిపి పెడితే రెండో ముద్దకే దాహం వేస్తుంది.

ఇంకో మాట. దీన్ని అన్నిటికంటే చివర్లో వండాలి. సలాడ్ కలిపి, రొట్టె కాల్చి, అందరినీ కూర్చోబెట్టాక పెనం వేడి చేయండి. ఐదు నిమిషాలు ఆలస్యమైనా బిరుసెక్కుతుంది.

హలూమి దొరకకపోతే

ఇక్కడ ఒక్క ప్రత్యామ్నాయం చెప్పి వదిలేయడం కుదరదు. హలూమిలో మీకు కావాల్సింది కరగకపోవడమా, ఉప్పదనమా, పంటికి తగిలే బిగువా అన్నదాన్ని బట్టి మారుతుంది.

కరగకపోతే చాలనుకుంటే పనీర్ తేలికైన దారి. అదీ వేడికి కారదు, కానీ కారణం వేరే. నిమ్మరసం లాంటి పులుపుతో విరిచినప్పుడు అందులోని కాల్షియం చాలావరకు పోతుంది. వేడి చేస్తే నీళ్లు బయటికి పోయి ప్రోటీన్లు ఇంకా దగ్గరపడతాయి. పనీర్‌కి ఉప్పు లేదు, బిగువు లేదు, కీచు లేదు. ముక్కల్ని చిక్కటి ఉప్పునీళ్లలో ఒక గంట నానబెట్టి, బాగా తుడిచి కాలిస్తే ఉప్పు లోటు తీరుతుంది. బిగువు మాత్రం ఏం చేసినా రాదు. మసాలా పీల్చుకోవడంలో మాత్రం పనీర్‌దే పైచేయి. కాబట్టి గ్రేవీ వంటకాల్లో హలూమి బదులు పనీర్ వేస్తే నష్టమేం లేదు, బహుశా లాభమే.

బిగువూ కీచూ కావాలంటే ఫిన్లాండ్ లైపాయూస్తో చూడండి. దాన్ని తయారీలోనే నిప్పు మీద కాలుస్తారు, అందుకే పైన గోధుమ రంగు మచ్చలుంటాయి. ఇంగ్లీష్ మాట్లాడే దేశాల్లో బ్రెడ్ చీజ్ పేరుతో అమ్ముతారు. ఉప్పు చాలా తక్కువ, కాస్త తీపిగా కూడా అనిపిస్తుంది. అక్కడ దీన్ని క్లౌడ్‌బెర్రీ అనే పండు జామ్‌తో తింటారు. ఉప్పు తగ్గించుకోవాల్సినవాళ్లకి నేను హలూమి కంటే దీన్నే చెప్తాను.

పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాల్చడానికి బ్రెజిల్ క్వేజో కొయాల్యో బాగుంటుంది. ఆ దేశం ఈశాన్య తీరంలో సముద్రపు ఒడ్డున తిరుగుతూ దీన్నే కాల్చి అమ్ముతారు. హలూమి కంటే కొంచెం మెత్తన, ఎర్రబడటంలో ఏమాత్రం తీసిపోదు.

పాలస్తీనా నబుల్సీ చీజ్‌ని కూడా ఉప్పునీళ్లలో ఉడికిస్తారు కాబట్టి బంధువు లాంటిదే. కానీ బాగా ఉప్పన. కనాఫా స్వీటు చేసేవాళ్లు గంటల తరబడి నీళ్లు మార్చి నానబెట్టి ఉప్పు తీసేస్తారు. పైగా అందులో మహ్లబ్, మాస్టిక్ లాంటి సుగంధాలు కలుపుతారు, ఆ వాసన అన్నిటికీ నప్పదు. వేడికి కాస్త సాగుతుంది కూడా.

సగనాకి అనే గ్రీకు చీజ్ వేపుడు కోసం వాడే కెఫలోతిరి గట్టి చీజ్. పిండిలో పొర్లించి నూనెలో వేయిస్తే పైన కరకర, లోపల జారుడు. హలూమిలా ఉంటుందని ఆశించకుండా తింటే చాలా బాగుంటుంది.

ఫెటా మాత్రం వద్దు. పక్కపక్కనే ఉంటాయి, రెండూ తెల్లగా ఉప్పునీళ్లలో ఉంటాయి కాబట్టి ఒకదాని బదులు ఒకటి పనికొస్తాయని అనుకుంటారు. ఫెటా పులిసిన చీజ్, పెనం మీద వేస్తే ముద్దవుతుంది. పుచ్చకాయతో పచ్చిగా తినాలంటే హలూమి స్థానంలో ఫెటా దివ్యంగా సరిపోతుంది, కాల్చడానికి కాదు. మొజరెల్లా గురించి చెప్పక్కర్లేదు, అది పెనమంతా పాకుతుంది.

మిగిలితే

విప్పని ప్యాకెట్ ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉంటుంది. తేదీ చూసుకుని ఒకటి ఎప్పుడూ ఉంచుకోవచ్చు. విప్పాక మిగిలిన దిమ్మని డబ్బాలో వేసి, మునిగేలా ఉప్పు కలిపిన చల్లటి నీళ్లు పోసి మూత పెట్టండి. వారంలోపు వాడేయడం మంచిది. ముందే నీళ్లలో నానబెట్టి ఉప్పు తీసిన ముక్కలైతే అన్నాళ్లు ఆగవు, మర్నాటికే అవగొట్టాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు కానీ కరిగాక ముక్క పొడిపొడిగా విరుగుతుంది. అలాంటిదాన్ని కాల్చే ఆలోచన మానుకుని తురిమేసుకోండి.

కాల్చాక మిగిలి చల్లారిన ముక్కల్ని మైక్రోవేవ్‌లో పెడితే ఇంకా గట్టిపడతాయి. సన్నగా తరిగి, పొడి పెనం మీద నిమిషం పాటు తిప్పి, ఆమ్లెట్‌లోనో అన్నం వేపుడులోనో వేసేయండి. ఆ పూట వంటలో ఉప్పు డబ్బా తీయాల్సిన పని ఉండదు.